అరవని మనిషికి అరుపు

ఆ స్టూడియోలో అందరూ ఆమెను అడుగులమ్మ అనే పిలిచేవారు. సినిమాలో ఎవరు నడిచినా, పరిగెత్తినా, మెట్లు దిగినా ఆ చప్పుడు చేసేది ఆమే మరి. కిటికీ లేని గది, గోడలకు దళసరి దుప్పట్లు, నేలమీద ఇసుక, కంకర, ఎండుటాకులు పోసిన తొట్లు, మూలన గుట్టగా పాత చెప్పులు. ఎదురుగా తెరమీద బొమ్మ కదులుతుంటే దాని కాలితో కాలు కలిపి మైకు ముందు తొక్కడమే ఉద్యోగం. "మా అమ్మాయి కూర్చుని తినే రకం కాదు, నిలబడి తొక్కే రకం" అని తల్లి అందరికీ చెప్పి నవ్వేది.

నవ్వేదే గానీ, ఒక్క విషయంలో మాత్రం ఆవిడ దగ్గర పరాచికాలు పనికిరావు. పరాయి పాలన పోవాలని జనం ఊరేగింపుగా కదిలిన రోజుల్లో ఆవిడా, ఆవిడ అక్కా పక్కపక్కన నడిచారు. అంతకుముందు ఊరేగింపులో నినాదాలిచ్చి రెచ్చగొట్టారని వంక పెట్టి పోలీసులు కాల్చారు. అందుకని ఈసారి ఆడవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు: ఏం జరిగినా సరే, ఎవరూ నోరు తెరవకూడదు, వాళ్ళకు వంక దొరకకూడదు. లాఠీ అక్క తలమీద పడింది. అక్క కిక్కురుమనలేదు. అలాగే కూలిపోయింది, మళ్ళీ లేవలేదు.

"దానికి నోరు లేక కాదే. ఇంట్లో అరిచిందంటే వీధి చివరిదాకా వినపడేది. అలాంటిది ఆ రోజు పళ్ళబిగువున ఆపుకుంది," అని తల్లి చెప్పినప్పుడల్లా గొంతులో ఏడుపు ఉండేది కాదు, కోపం ఉండేది. పెద్దమ్మను అడుగులమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ కోపం మాత్రం పాలతోపాటే ఒంటబట్టింది.

ఇన్నేళ్ళకు ఒక దర్శకుడు ఆ శాంతియుత పోరాటం మీద డాక్యుమెంటరీ తీస్తూ, ఆ ఊరేగింపు పాత రీలు సంపాదించి స్టూడియోకు తెచ్చాడు. మూగ రీలు. మనిషి మహా మర్యాదస్తుడు, మాటకు ముందొక మేడం, వెనకొక మేడం. అడుగులమ్మ తల్లిని అడిగి ఆ వీధి నేల ఎలా ఉండేదో తెలుసుకుంది. తడి ఇసుక తొట్లో వట్టికాళ్ళతో, పిక్కలు లాగేసేదాకా, ఆ ఆడవాళ్ళందరి నడకా తానే నడిచింది.

"అదరగొట్టేశారు మేడం!" అన్నాడు దర్శకుడు. "ఇంకొక్క కేక కావాలి. అదిగో, ఆ అమ్మాయి పడిపోతోంది చూడండి, అక్కడ. వెనకనుంచి తీసిన షాటే, పెదాలు కనపడవు. మీరే ఇచ్చెయ్యండి."

అడుగులమ్మ అప్పుడు పోల్చుకుంది: పడిపోతున్న మనిషి పక్కన, ఇటు తిరిగి బిగుసుకుపోయిన చిన్నపిల్ల తన తల్లే.

"ఆవిడ అరవలేదండీ. ఆవిడ మా పెద్దమ్మ."

దర్శకుడి మొహం వెలిగిపోయింది. "మీ పెద్దమ్మా! అబ్బ, ఇంకేం మేడం! సొంత రక్తం, సొంత గొంతు! పోస్టరు మీద వేసుకోవచ్చు!"

అరికాలి మంట నెత్తికెక్కిందామెకు. "ప్రాణం పోతున్నా తెరవని నోరయ్యా అది! దానికి నా చేత కేక పెట్టిస్తావా? సిగ్గుండాలి!"

"అది కాదు మేడం, శబ్దం లేకపోతే సౌండు పోయిందనుకుని ఈలలేస్తారు. శాంతియుతం అంటేనే జనానికి నిద్రొస్తుంది. కాస్త ఉప్పూకారం తగిలించాలి కదా."

"దెబ్బ తిని చెయ్యెత్తకుండా ఒక్క పూట నిలబడి చూడు, ఎంత కారమో తెలుస్తుంది! వాళ్ళకేం కోపం రాలేదనుకున్నావా? కడుపు ఉడికిపోతున్నా ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే వాళ్ళు కొట్టిన దెబ్బ!"

"సరే మేడం, ఆ కేక మానేస్తాను లెండి. మీరు ఆవేశపడకండి."

ఆవేశపడకూడదట! పెద్దమనిషి సలహా చూశారా! సినిమావాళ్ళ మాట నీళ్ళమీద రాతేనని ఆ పనిలో తలపండిన మనిషికి తెలియక కాదు. అయినా నమ్మింది. తల్లికి ఒక్కసారి అక్కను చూపించాలన్న ఆశ అలాంటిది.

మొదటి ప్రదర్శనకు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందువరసలో కూర్చోబెట్టింది. ఊరేగింపు మొదలైంది. హాలంతా అడుగుల చప్పుడే. "అదిగోనే మా అక్క!" అంటూ తల్లి కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అచ్చం ఇలాగే ఉండేదే. ఇసుకలో ఇలాగే."

అంతలోనే డప్పులు మోగాయి. నినాదాలు మిన్నుముట్టాయి. లాఠీ లేచింది. ఎవరో అమ్మాయి గొంతు, హాలు అదిరేలా, సాగదీసి సాగదీసి కేక పెట్టింది.

తల్లి ఉలిక్కిపడి కూతురి వైపు తిరిగింది. "నువ్వు చేశావుటే?"

"నేను కాదమ్మా. నీమీద ఒట్టు, నేను కాదు."

ఆ ఒక్క ప్రశ్న అడుగులమ్మ గుండెల్లో దిగిపోయింది. దర్శకుడి పీక నులిమెయ్యాలనిపించింది. ఆమె లేచేలోపే తల్లి కుర్చీ పట్టుకుని నిలబడింది.

"అబద్ధం! మా అక్క అరవలేదు! ఎవరూ అరవలేదు!"

"ష్! కూర్చోండమ్మా, సినిమా చూడనివ్వండి," అని వెనకనుంచి నలుగురు విసుక్కున్నారు. దర్శకుడు నడుం వంచుకుని చీకట్లో పరిగెత్తుకొచ్చాడు. చేతులు జోడించి, "అమ్మగారూ, దయచేసి నిశ్శబ్దంగా ఉండండి," అన్నాడు.

ముసలావిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఆ రోజు మా నోళ్ళు ఎవడూ మూయించలేదురా, మేమే మూసుకున్నాం. ఇవాళ మూయించడానికి నువ్వెవడివి?"

అడుగులమ్మ తల్లి పక్కన నిలబడి, వెనక ప్రొజెక్టరు గదివైపు తిరిగింది. ఆ రోజు కేకకు ఇవ్వనన్న గొంతునంతా పెట్టి అరిచింది:

"ఆపండి! లైట్లు వెయ్యండి! మా అమ్మ మాట్లాడుతోంది!"