మూడో పిలుపు

పిలవని పేరంటానికి వెళ్తే పరువు పోతుందంటారు. పిలిచిన ప్రార్థనకే వెళ్ళి, పిలిచినవాడి పరువు తీసి, చర్చి మొత్తాన్నీ వణికించి వచ్చిన ఘనుణ్ని నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, కాస్త దగ్గరగా జరగండి. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడు నేను నాంపల్లి కోర్టుల్లో ఒక వకీలుగారి గుమాస్తాని. ఇంగ్లీషు వచ్చన్న గర్వం నాకు మెడదాకా ఉండేది. మా పక్కవాటాలో దేవదానం ఉండేవాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఆబిడ్స్ వెనక సందులో ఉన్న పాత రాతి చర్చికి అతనే సెక్రటరీ. ఒక శనివారం వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, చెన్నై నుంచి పెద్దాయన వస్తున్నడు. ఇంగ్లీషుల ప్రసంగం చెప్తడు. తెలుగు చేసేటాయనకు జ్వరం. జర నువ్వు రావాలె."

"మీ బైబిలు నాకేం తెలుసయ్యా? నాకు తెలిసినవి వాయిదాలు."

"కథనే అన్నా. ఆయనొక మాటంటె నువ్వొక మాటను. ఫికర్ చెయ్యకు."

మాటకు మాట. ఆ హద్దులో ఉండి ఉంటే ఈరోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

నాకప్పుడు తెలియని సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఆ చర్చి ఆవరణలో ఒక చిన్న గదిలో సునంద ఉండేది. ఊడ్చేది, గంట కొట్టేది. భర్త చనిపోయాడు. ఎవరో మగమనిషి ఆమె గదిలోంచి వెళ్ళడం చూశామని ఇద్దరు చెప్పారు. ఆ మగాడెవరో ఆమె చెప్పలేదు. సంఘం పెద్దలు గుచ్చి అడగనూ లేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెను సంఘం నుంచి తీసేయాలని, సాయంత్రానికల్లా గది ఖాళీ చేయించాలని తీర్మానం రాశారు. వెళ్ళడానికి ఆమెకు వేరే చోటు లేదు. ఆ కాగితం చదవాల్సింది సెక్రటరీ. అది దేవదానం జేబులోనే ఉంది.

ఆదివారం పదకొండింటికే మబ్బులు కమ్మి చీకటి పడ్డట్టయింది. పైగా కరెంటు పోయింది. బల్లమీద రెండు కొవ్వొత్తులు పెట్టారు. కప్పులో ఎక్కడో పావురాలు మూలుగుతున్నాయి. పెద్దాయన తగ్గు గొంతుతో కథ ఎత్తుకున్నాడు. తప్పు చేస్తూ పట్టుబడిన ఒక స్త్రీని శాస్త్రులు యేసు ముందుకు ఈడ్చుకొచ్చారు. రాళ్ళతో కొట్టి చంపమని ధర్మశాస్త్రం చెబుతోంది, నీ తీర్పేమిటని అడిగారు.

"ముద్దాయిని హాజరుపరిచారు. ఆ స్త్రీని నడిమధ్యన నిలబెట్టారు," అన్నాను నేను, నా ధోరణిలో.

ఎవరూ నవ్వలేదు. "ఆ స్త్రీ" అన్నప్పుడు మాత్రం తలలన్నీ ఒక్కసారిగా, మెల్లగా, వెనక్కి తిరిగాయి. బల్ల కిర్రుమనలేదు. అలాగే మెల్లగా మళ్ళీ నా వైపు తిరిగాయి. మా గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నట్టు వీళ్ళకిదొక ఆచారం కాబోలనుకున్నాను. చూడండి నా తెలివి! మళ్ళీ "ఆ స్త్రీ" అన్నాను. మళ్ళీ తిరిగాయి. ఈసారి నేనూ అటు చూశాను. చివరి బల్లమీద తలమీద కొంగు కప్పుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె ముందు రెండు బల్లలూ ఖాళీ.

గబుక్కున చూపు తిప్పుకుని పెద్దాయన వైపు చూశాను.

యేసు వంగి వేలితో నేలమీద ఏదో రాశాడనీ, ఏం రాశాడో ఎవరికీ తెలియదనీ చెప్పి, పెద్దాయన కళ్ళు మూసుకుని మౌనంగా నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో ఊరుకోవడం నావల్ల కాలేదు. ధర్మశాస్త్రం ఇద్దరినీ శిక్షించమంటుందని ఆయనే ఇందాక చదివాడు. గుమాస్తా బుర్ర కదా, అక్కడే ఆగిపోయింది. ఇద్దరు ముద్దాయిలున్న కేసులో ఒక్కరినే తెస్తే ఎలా చెల్లుతుంది? ఎవరూ అడక్కుండానే నోరు తెరిచాను.

"మరి ఆ రెండో ముద్దాయేడి? ఆ మగాడు హాజరా?"

మా కోర్టులో బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలకకపోతే వారంటు. పదేళ్ళు విన్న చెవి, ఒకసారితో ఎలా ఊరుకుంటుంది?

"ఆ మగాడు హాజరా?"

రాతిగోడ నా మాట నాకే తిరిగి ఇచ్చింది. పావురాలు ఆగిపోయాయి. ఒక కొవ్వొత్తి ఆరింది.

"హాజరా?"

"ఔ. హాజరే."

ముందు వరుసలోంచి వచ్చింది ఆ గొంతు. దేవదానం లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు, అది జారి కింద పడింది.

"ఆమె గదికి పోయింది నేనే. పెండ్లి చేసుకుంటనని చెప్పి, మీకు భయపడి నోరు మూసుకున్న."

అప్పుడు చివరి బల్ల నుంచి సునంద గొంతు నింపాదిగా వచ్చింది. "మూడుసార్లు పిలిస్తె గాని లేవరాదా నీకు?"

మొదటి వరుసలో ఉన్న ముసలి సంఘపెద్ద గొడుగు తీసుకుని బయటికి నడిచాడు. తర్వాత ఆయన పక్కాయన. తర్వాత ఇంకొకాయన. తెలుగు ముక్క రాని పెద్దాయన కళ్ళు తెరిచి కథలోని తర్వాతి వాక్యం చదివాడు. దాన్ని తెలుగు చేయడం మరిచి నేను గుమ్మం వైపే చూస్తున్నాను. ఆ కథలోనూ అంతేనట. వాళ్ళు పెద్దవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరే వెళ్ళిపోయారట.

పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు. తన మాట ఇంత సూటిగా తెలుగు చేసినవాడు ఇంతకుముందు దొరకలేదన్నాడు. ఆయన అనని మాట నేనన్నానని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

బయట వానలో దేవదానం నన్ను ఆపాడు. "అన్నా, నిజం చెప్పు. ఆయన గట్ల అడగనే లేదు గదా?"

"లేదయ్యా. అది కోర్టు అలవాటు."

"ఆ కాయితం చదివుంటె నేను సచ్చినట్టే అన్నా," అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

రెండు నెలలకు అదే చర్చిలో వాళ్ళ పెళ్ళి. నేను ముందు వరుసలో ఉన్నాను. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరుగారు అడిగారు. తలలన్నీ ఒక్కసారిగా, మెల్లగా, చప్పుడు లేకుండా నా వైపు తిరిగాయి. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

కనుక సకల దేవుళ్ళ సాక్షిగా, వకీలుగారి నల్లకోటు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరన్న మాటకు నా మాట కలపను. ఎవరినీ మూడుసార్లు పిలవను. ఇంట్లో కాఫీకి మా ఆవిణ్ని కూడా రెండుసార్లే పిలుస్తాను. ఆవిడ పలక్కపోతే లేచి నేనే పెట్టుకుంటాను. మూడోసారికి ఎవరు పలుకుతారో ఎవరికి తెలుసు?