మూడు పేజీలు తక్కువ

కన్నియమ్మ చదివింది అయిదో క్లాసు. ఆ చదువుతోనే తిరువొత్తియూరు ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటి వేలితో తెలుగు కొట్టేది. మొగుడు సుబ్బన్ చెప్పేవాడు, ఆమె కొట్టేది. తాతలు హార్బరు కూలికి వచ్చిన కత, మేనత్తల కొట్లాటలు, అన్నీ. మన మాట అచ్చులో ఉండాలని ఆయన పట్టు.

సుబ్బన్ అంబత్తూరు ప్రెస్సులో కంప్యూటరు మీద పుస్తకాలకు పేజీలు కట్టేవాడు. ఇంట్లో ఆమె కొట్టిన ఫైలుకీ, ఆడ తన పేజీలకీ నెట్టు మీద ముడి వేసిపెట్టినాడు. ఈడ ఏదన్నా మారిస్తే ఆడ పసుపుపచ్చ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే కొత్త రాత పేజీల్లోకి వచ్చేస్తుంది.

"నీ గురించి కూడా రాసినా మే. ప్రెస్సులో, నేరుగా పేజీలోనే కొట్టినా. అచ్చయినాక చదువుకో" అన్నాడొకసారి.

"ఏం, తిట్టినావా?"

"తిట్టుంటే ముందే చూపించుండనా?"

అచ్చు కాకముందే ఆ మనిషికి గుండె ఆగిపోయింది.

మూడు నెలలు కంప్యూటరు మీద గుడ్డ తీయలేదు కన్నియమ్మ. సంవత్సరీకం లోపల పుస్తకం రావాలని ఒకనాడు తెరిచి, పైన ఆయన పేరు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చింది. ఆమె చేసింది అంతే.

రెండోనాడు రైలు మారి ప్రెస్సుకు పోయింది. సుబ్బన్ కుర్చీలో ఇప్పుడు విజి కూర్చుంటుంది.

"ఆయన నా గురించి రాసింది చూపించు మా."

విజి చానాసేపు వెతికింది. "నలభై ఒక్క పేజీ ఉండె అక్కా. ఇప్పుడు ముప్పై ఎనిమిదే నిండినాయి. కడపటి మూడూ ఖాళీ."

"ఎందుకట్లా?"

"పొద్దున పసుపు గుర్తు వచ్చింది. నువ్వేదో దిద్దినావని నొక్కి, సేవ్ చేసి మూసేసినా." విజి గొంతు దిగిపోయింది. "నొక్కితే నీ ఫైల్లో ఉండేదే వస్తాది. అన్న పేజీలో కొట్టింది నీ ఫైల్లో లేదు గదా. అదంతా కొట్టుకుపోయింది. నాకు తోచలా అక్కా."

"వెనక్కి రాదా?"

"వేరే కాపీ లేదు. అన్న ప్రింటు కూడా తీసుండలా."

"నువ్వు చూసుంటావే. ఏం రాసినాడు?"

"నాకు తెలుగు మాట్లాడేదే వచ్చు, చదివేది రాదక్కా. ఇస్కూల్లో తమిళమే." కీబోర్డు ముందుకు లాక్కునింది. "నువ్వు చెప్పు, మళ్లీ కొట్టేద్దాం."

కన్నియమ్మ నోరు తెరిచింది. ఆయన చెప్పిన కతలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ముప్పై ఏండ్ల కాపురంలో తన గురించి ఆయన ఏమనుకున్నాడో మాత్రం ఒక్క ముక్క తెలీదు. తను కల్పించి చెబితే అది తన మాటే గానీ ఆయన మాట ఎట్లవుతుంది?

"ఖాళీవి ఉంచేదా అక్కా?"

"తీసెయ్ మా. ఒట్టి కాయితం ఎవరు చదవతారు?"

విజి ఒక్కొక్కటే తీసేసింది. మూడోది పోయేదాకా నిలబడి చూసి, చెంగుతో మొహం తుడుచుకుని రైలుకు బయలుదేరింది కన్నియమ్మ.