పెన్సిల్‌తో నింపిన ఫారం

తెలంగాణ రాకముందు సంగతి. నాచారంలో ఉప్పల్ మీదుగా పోయే బస్సెక్కితే, కిటికీ పక్కన ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఒకాయన దగ్గర సీటు దొరికింది. ఆయన ఒళ్లో ట్రేడ్ టెస్టు ఫారం ఉంది. పెన్నుతో కాదు, పెన్సిల్‌తో నింపిండు. వయసు దగ్గర ముప్పై ఎనిమిదిని రబ్బరుతో చెరిపి ముప్పై తొమ్మిది రాస్తున్నడు. అక్కడ కాగితం పల్చబడి అవతలి పక్క కనిపిస్తోంది.

"ఏందన్నా, ఏటా బర్త్‌డే ఫారం మీదనే చేసుకుంటవా?" అన్న. నా నోరు ఊరుకోదు.

ఆయన నవ్విండు. "ఆరేండ్ల సంది గిదే పని తమ్మీ. ఇయ్యాల ఆఖరి తారీఖు. ఉప్పల్ ఆఫీసుల ఇచ్చెయ్యాలె. పాసైతే ఆపరేటర్‌నైత. లేకుంటే హెల్పర్‌గనే రిటైరైత."

"అంత బద్ధకమా అన్నా?"

"బద్ధకమైతే రోజుకు పన్నెండు గంటలు లేత్ మిషన్ కాడ నిలబడ్తనా? నేను పని నేర్పిన పోరలు పాసై ఆపరేటర్లయిన్రు. అయినా నన్ను ఉస్తాద్ అనే పిలుస్తరు. ఇప్పుడైతే నేను పరీక్ష రాయని ఉస్తాద్‌ని. రాసి తప్పితే?"

"ఫెయిలైన ఉస్తాద్‌వి" అన్న.

ఈసారి ఆయన నవ్వలేదు. "ఉస్తాద్ కాదు తమ్మీ. ఉత్త ఫెయిలైనోణ్ణి."

ఉప్పల్ వచ్చింది. ఆఫీసు రోడ్డుకు అవతలే ఉంది. లైన్ల నలుగురే ఉన్నరు. నేను లేచి ఆయనకు దారిచ్చిన. ఆయన లేవలేదు. ఫారం మడిచి జేబుల పెట్టుకుని, కండక్టర్‌ను పిలిచి, ఆఖరి స్టాపుకు ఇంకో టికెట్ తీసుకున్నడు.