గాజుల మౌలాబీ అడవిదారి

అడవి అంచునున్న లింగాల ఊరికి ఇంకా మోటారు బాట పడని రోజుల్లో, గాజులమ్మే మౌలాబీ నాగర్‌కర్నూలు నుంచి అడవి పల్లెలకు నడిచే పోయేది. భుజాన గాజుల మలారం, చేతిలో కర్ర. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, చెరువు కట్టల మీద, జమ్ము పెరిగిన బురదల్లో కర్రతో నేల చూసుకుంటూ, నీటికోళ్లను పలకరిస్తూ నడిచేది.

ఒక ఎండాకాలం, ఆరో నెల కడుపుతో పుట్టింటికి పోతున్న బాలమ్మ ఆమె వెంట వచ్చింది. కుంట దాటి అడవిలో అడుగు పెట్టగానే, దారి మీద రాలిన ఇప్పపూలు తింటూ ఎలుగుబంటి కనిపించింది. బాలమ్మ వెనక్కి పరుగెత్తబోయింది. మౌలాబీ ఆమె చెయ్యి పట్టి పొదచాటున కూర్చోబెట్టింది.

"ఉరకకు బిడ్డా. దానికి పూలే గావాలె, మనం గాదు. గీ పచ్చ గాజులు నీకెట్లుంటయో జర చూద్దాం" అని గుసగుసగా అంటూ ఒక్కొక్కటే తొడగసాగింది. చేతికెక్కిన గాజుల మీద చూపు నిలిపిన బాలమ్మ మెల్లగా ఎలుగుబంటి వైపు చూడడం మానేసింది. రెండు చేతులూ నిండేసరికి ఎలుగుబంటి కూడా కడుపు నింపుకొని గుట్ట ఎక్కిపోయింది.

"నీకు భయం కాలేదా చిన్నమ్మా?" అని అడిగింది బాలమ్మ.

"కాకేం? మలారంల నుంచి తీసేటప్పుడు చేతులు వణికి మూడు గాజులు పలగ్గొట్టిన. చెంగుల దాచిన, నువ్వు సూడలే!"

ఇద్దరూ నవ్విన నవ్వుకు వెనక కుంటలోని కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి.