బావగారు పగలగొట్టిన కుండలు

లిఫ్టు మెకానిక్‌కి మనుషులంటే చులకన. తలుపుకి కాలు అడ్డంపెట్టి, అద్దంలో జుట్టు సర్దుకుంటూ, లిఫ్టు కదలట్లేదని ఫోన్ చేసేవాళ్ల మధ్య బతుకుతున్నవాడికి అంతకంటే గొప్ప అభిప్రాయం ఎలా వస్తుంది? ఆ మనుషులు ఆడే వీడియో గేములంటే ఇంకా చులకన.

ఆయన లెక్కలో గేమంటే ఒక్కటే. ఆయన కుర్రతనంలో వచ్చింది. అందులో మ్యాపుండదు. గుహలో ఏ మలుపు ఎటు పోతుందో కాగితం మీద మనమే గీసుకోవాలి. చస్తే మొదటికి రావాలి. మిగతావన్నీ ఏడ్చే పిల్లల్ని బుజ్జగించడానికి చేసినవేనట. నేలమీద దారి చూపుతూ మెరిసే బాణం వెంట నడవడమే సాహసమైతే, ఆసుపత్రిలో గోడమీద గీత చూసుకుంటూ ఎక్స్‌రే గదికి పోయేవాళ్లంతా వీరులే అంటాడు. ఇంకో గేములో రేపో మాపో లోకం మునిగిపోతుందని రాజు గుండెలు బాదుకుంటుంటే, ఎవరిదో తప్పిపోయిన మేకను వెతకబోయే హీరోకి బుద్ధిలేదు సరే, వాణ్ణి నమ్ముకున్న రాజుకేమైంది? ఇక హీరో గడ్డం ఆకారం, కనుబొమ్మల వంపు ఎంచుకోవడానికే గంట తినేసే గేముల్ని మంగలిషాపుల్లో అమ్ముకోవాలి.

ఇవన్నీ వినే ఓపిక లోకంలో ఒక్కడికే ఉండేది. ఆయన బావమరిదికి. అతను టైల్స్ షాపులో సేల్స్‌మన్. తెలుపులో రకాలు చూపించి చూపించి, ఎవరేమన్నా తలాడించడం అలవాటైపోయిన మనిషి. ఆదివారం భోజనం కాగానే వచ్చి సోఫాలో కూలబడేవాడు. బావ ఆడుతూ తిట్టేవాడు, ఇతను చూస్తూ నవ్వేవాడు. మెకానిక్‌కి స్నేహితుడంటూ ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆయనకింకా తెలియదు, అంతే.

ఒకసారి బావమరిది తనకి బాగా నచ్చిన గేమని నసుగుతూ ఒక డిస్కు తెచ్చాడు. అందులో ఓ చిన్న ఊరు, ఇంత పొలం. ముల్లంగి వేసుకోవాలి, చేపలు పట్టుకోవాలి, ఇరుగుపొరుగుతో మంచిచెడ్డలు మాట్లాడుకోవాలి. చంపడానికి ఎవరూ లేరు.

మెకానిక్ కాసేపు చూశాడు.

"రోజంతా షాపులో అందరికీ సలాం కొట్టి, ఇంటికెళ్లి బొమ్మలక్కూడా కొడతావా? ఇది గేము కాదురా, నీ ఉద్యోగమే. జీతం ఒక్కటే తక్కువ."

బావమరిది ఈసారి నవ్వలేదు. "అక్కడ ఎవరూ తిట్టరు బావా, అందుకే ఆడతాను" అని లేచి వెళ్లిపోయాడు. డిస్కు కూడా తీసుకోలేదు. మరుసటి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారం తలనొప్పన్నాడు.

మెకానిక్ ఒక్కడే కూర్చుని రెండు తిట్లు తిట్టాడు. వినేవాడు లేకపోతే తిట్టు కూడా చప్పగా ఉంటుందని అప్పుడు తెలిసింది. బట్టలు మడతపెడుతున్న భార్య మాత్రం విన్నది.

"మా తమ్ముడికి తలనొప్పేం లేదు, తలనొప్పి ఇక్కడుంది. వాడు నాకోసం వచ్చేవాడనుకున్నారా? ఫోన్ చేసి రమ్మనండి. లేకపోతే ఇక రాడు."

ఫోన్ చేస్తే పరువేం కావాలి? ముందు తప్పు గేముదేనని తేల్చి, ఆ తర్వాత పెద్దమనసుతో క్షమించేద్దామని డిస్కు పెట్టాడు.

పెట్టి, చిన్నప్పట్నుంచీ ప్రతి గేములో చేసేదే చేశాడు. మొదట కనబడ్డ ఇంట్లోకి దూరి, కుండలన్నీ పగలగొట్టి, పెట్టె తెరిచి, ఉన్నది జేబులో వేసుకున్నాడు. సాహసవీరుల ఆనవాయితీ అది. ఆ గేముల్లో ఇంటివాళ్లు పక్కనే నిలబడి నవ్వుతుంటారు. ఇక్కడి ముసలావిడ మాత్రం, "అవి మా అత్తగారి కుండలు" అంది. పట్టించుకోకుండా పక్కింటికి వెళ్లాడు. వీధి చివరికొచ్చేసరికి ఊరంతా తలుపులు వేసుకుంది. కొట్టువాడు విత్తనాలమ్మనన్నాడు. పడవవాడు చూసీ చూడనట్టు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. ముసలావిణ్ణి మంచి చేసుకుందామని ఒక ఇత్తడి గంట బహుమతిగా ఇచ్చాడు. అది ఆవిడ పెట్టెలోంచి ఎత్తుకొచ్చిందే. ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

బొమ్మ ముఖం తిప్పుకుంటే మనిషికి చెవులు వేడెక్కడమేమిటి? ఆయనకి వేడెక్కాయి. ఫోన్ తీశాడు.

"నీ ముల్లంగి ఊళ్లో నాతో ఎవడూ మాట్లాడట్లేదురా."

"ఏం చేశావు బావా?"

"అందరూ చేసేదే. కుండలు పగలగొట్టాను."

"ఎవరివి?"

"అందరివీ."

అవతల నవ్వు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. ఇంకెవరైనా అయితే మెకానిక్ ఫోన్ పెట్టేసేవాడే. చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి బావమరిది ఊపిరి తీసుకుని, తప్పయిందని చెప్పుకునే వీలు ఆ గేములో ఉందని, కాకపోతే ముసలావిడ ఒక్కసారికి కరగదని, రోజూ గుమ్మం దాకా వెళ్లాలని చెప్పాడు.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు.

"అవన్నీ నాకు చేతకావురా. ఎలా చెప్పాలో నువ్వొచ్చి చూపించు."



"ఆదివారం వస్తాలే బావా."

"ఇవాళ ఆదివారమేరా."

వచ్చాడు. ఈసారి బావమరిది ఆడాడు, బావ చూశాడు. తిట్టాడు కూడా. ముసలావిడకి అంత బెట్టు పనికిరాదని, కుండలు పోతే కొనుక్కోవచ్చని, గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మనిషిని కూర్చోమనే పాటి జ్ఞానం ఉండొద్దా అని.