పెన్‌డ్రైవ్ మీద వేసిన నింద

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ముఖాముఖి చెప్పే దమ్ముంటే ఈ రాతే అవసరం లేదు కదా.

మిర్యాలగూడలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా పైవాటాలో కరుణక్క కిరాయికి ఉండేది. మాడుగులపల్లి బడిలో టీచరు. కొత్త లాప్‌టాప్ కొని, పాత కంప్యూటర్లో ఉన్నవన్నీ అందులోకి మార్చిపెట్టమంది. ముఖ్యంగా ఒక ఫోల్డర్. చనిపోయిన వాళ్ల నాయిన పొద్దున్నే పాడుకునే ప్రార్థన పాటలు. ఆయన బతికుండగా తమ్ముడు ప్రభాకర్ ఫోన్లో రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాడు. ఆ ఫోన్ పాడైపోయింది, పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడు వేరేవి ఉన్నాయి. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క చోటే.

విడి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి మారిస్తే చిటికెలో అయ్యే పని. కానీ నా పనితనం చూపించుకోవాలి. రెండింటినీ కేబుల్‌తో నేరుగా కలుపుతానన్నాను. గంటన్నరసేపు ఒకదానికొకటి కనపడలేదు. చేత్తో అడ్రసులిచ్చాను, ఫైర్‌వాల్ ఆపాను, పాస్‌వర్డ్ తీసేశాను, చివరికి విసుగొచ్చి అన్ని పర్మిషన్లూ తెరిచేశాను. అప్పుడు కనపడింది. పనిచేస్తోందో లేదో చూద్దామని లాప్‌టాప్ నుంచి పాత కంప్యూటర్లో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, డిలీట్ కొట్టాను. దాంతోపాటు పాటల ఫోల్డర్ కూడా సెలెక్ట్ అయి ఉంది. శాశ్వతంగా తీసేయాలా అని అడిగింది. చదవకుండానే నొక్కాను. ఇలా కేబుల్ అవతల తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావని క్లాసులో చెప్పేది నేనే.

అక్క వంటింట్లో చాయ్ పెడుతోంది. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే? పొరపాటైంది, దీన్ని ముట్టుకోకు, వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది అని? చాలావరకు దొరికేవి. అది తెలిసి కూడా, సార్‌కే పని రాదని అంటుందేమోనని భయపడి, ప్రభాకర్ బల్ల మీద వదిలివెళ్లిన పెన్‌డ్రైవ్ చూపించి, దాంట్లోంచి వచ్చిన వైరసే పాటల్ని తినేసిందన్నాను. కొత్తదానికి అంటకూడదని చెప్పి, ఆమె కళ్లముందే పాతదాన్ని మొత్తం ఫార్మాట్ చేశాను. అబద్ధం నిలబడాలి కదా. మొదటిసారి పోయింది పొరపాటున. రెండోసారి తెలిసే పోగొట్టాను. ఆ తర్వాత ఆమె ఇచ్చిన చాయ్ కూడా తాగాను.

తమ్ముణ్ణి ఆమె ఫోన్లో ఏమందో నాకు తెలియదు. పది రోజులకు అతను దామరచర్లలో వెల్డింగ్ పని ఆ పూటకు మానుకుని, బట్టల నిండా దుమ్ముతో నా దగ్గరికొచ్చాడు.

"సార్, నా వల్లనే పోయినయ్. అక్క నాతోని మాట్లాడుతలేదు. ఏమన్న జేస్తే వస్తయా, జర సూడుండ్రి."

"ఇగ రావు ప్రభాకర్. బాధపడకు, ఎవరికైనా అయితది."

విన్నారా? నేను అతన్ని ఓదార్చాను. నా తప్పుకు అతన్ని క్షమించాను. పెద్దమనిషిలా భుజం తట్టాను. అతను నాకు దండం పెట్టి వెళ్లాడు. తట్టిన ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా కంపరమెత్తుతుంది. ఇంత నీచానికి దిగడానికి నన్ను ఎవరైనా బలవంతపెట్టారా? లేదు. పరువు అనే మాట చాలింది.

అక్క బదిలీ మీద సూర్యాపేట వెళ్లింది. పోయిన ఏడాది బిడ్డ పెళ్లి చేసింది. మేనమామ నిలబడాల్సిన చోట ఎవరో దూరపు చుట్టం నిలబడ్డాడు. నన్ను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టారు. అక్కడైనా లేచి చెప్పానా? లేదు, ఫోటో దిగి వచ్చాను.

ఇప్పుడు చెబితే మాత్రం పాటలు తిరిగొస్తాయా అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. పాటలు రావు. తమ్ముడు వచ్చేవాడు.

తీసేసింది ప్రభాకర్ కాదు, నేను. ఈ మాట రాశాక కాస్త ఊపిరాడుతోంది. అక్క ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఇంకా చెయ్యలేదు.