ఓడ సీరియల్ ఆఖరి ఎపిసోడ్

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. పద్దెనిమిదేళ్లు నేరేడుచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. కొత్త ఇంటికి దిష్టి గుమ్మడికాయ కట్టనివ్వలేదని మా అత్తమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు. పిల్లలెవరైనా ఏదో చూసి భయపడ్డామని వస్తే, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎటు నుంచి పడుతోంది అని అడిగి బోర్డు మీద బొమ్మ గీయించేదాన్ని.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

నలభై రెండో ఏట నా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఉద్యోగం మానేశాను. మిర్యాలగూడలో డయాలసిస్‌కు ఖాళీ లేక సూర్యాపేటలో రాయించుకున్నాం. మంగళ, గురు, శనివారాలు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, ఎనిమిదిన్నరకు మంచమెక్కడం, నాలుగు గంటలు చేతికి రెండు సూదులతో పడుకోవడం. తిరిగొచ్చాక ఆ రోజంతా మనిషిని కాను.

మా గదిలో నాలుగు మంచాలు. గోడకు ఒక టీవీ. కిటికీ పక్క మంచం జోసెఫ్ గారిది. కోదాడలో ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసిన మెకానిక్. నా మంచం ఆయన పక్కనే. ఎదురుగా లింగయ్య తాత, ఆత్మకూర్ (ఎస్) రైతు. నాలుగో మంచంలో ఒక ముసలామె ఉండేది కానీ ఆమె వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా నిద్రపోయేది. మమ్మల్ని చూసుకునే టెక్నీషియన్ అమ్మాయి పేరు శ్రావణి.

పదకొండు గంటలకు ఒక చానల్లో విదేశీ సీరియల్ వచ్చేది, తెలుగులోకి డబ్బింగ్ చేసింది. అంతరిక్షంలో పోతున్న ఒక ఓడ, అందులో పదకొండు మంది. భూమి నుంచి ఎంత దూరం వచ్చారో వాళ్లకే తెలీదు. దానికి ఏదో పెద్ద పేరుంది. మేం మాత్రం ఓడ సీరియల్ అనేవాళ్లం.

అది పెట్టించింది జోసెఫ్ గారే. మొదటి రోజు లింగయ్య తాత గొడవ చేశాడు.

"గీ ఇంగిలీసోళ్ల బొమ్మలేందమ్మా! వ్యవసాయం ప్రోగ్రాం పెట్టరాదు" అన్నాడు శ్రావణితో.

రెండు వారాలు తిరిగేసరికి పదకొండుకు ఐదు నిమిషాల ముందే "ఓడ వెట్టు బిడ్డా, జల్ది" అని ఆయనే తొందరపెట్టేవాడు.

ఇలాంటి సీరియళ్లంటే జనానికి ఎందుకంత పిచ్చో నాకు అంతకు ముందు అర్థమయ్యేది కాదు. మా అమ్మాయి సెల్లులో చూస్తుంటే విసుక్కునేదాన్ని. ఆ మంచం మీద పడుకుని చూశాక అర్థమైంది. ఆ ఓడలో రోజుకు మనిషికి రెండు గ్లాసుల నీళ్లే ఇస్తారు. మాకూ డాక్టరు చెప్పింది ఇంచుమించు అంతే. తెర మీద ఎవరైనా గ్లాసెత్తి మెల్లగా గుటక వేస్తే మా ముగ్గురి మాటలూ ఆగిపోయేవి. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి ఎంత చెప్పినా అర్థం కాదు. ఎక్కడివాళ్లో తెలీని ఆ పదకొండు మందికి తెలుసు.

లింగయ్య తాతకు మొక్కలామె అంటే ప్రాణం. ఆ ఓడలో ఒకామె బల్బుల వెలుతురులో కూరగాయలు పండిస్తుంది. "ఎండ లేకుంట పంట దీస్తున్నదంటే మామూలు మనిషి గాదు" అనేవాడు. ఎరువు ఎక్కణ్ణుంచి తెస్తున్నదని నన్ను అడిగేవాడు.

నేను తప్పులు పట్టేదాన్ని. గాలి లేని చోట పేలుడు చప్పుడు వినపడదని ఒకరోజు అన్నాను.

"నిజమే టీచరమ్మా" అన్నారు జోసెఫ్ గారు. "కానీ చప్పుడు లేకపోతే పక్కోడు పోయాడని లోపలున్నోళ్లకెట్టా తెలుస్తది?"

ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడేవారు. నవ్వుతూ అనేవారు, తర్వాత అది మనసులో ఉండిపోయేది.

సీరియల్ రోజూ వచ్చేది. మేం మాత్రం వారానికి మూడు రోజులే చూసేవాళ్లం. ఇంట్లో చూడకూడదని ముగ్గురం మాట అనుకున్నాం. మధ్యలో పోయిన కథేంటో జోసెఫ్ గారు ఊహించి చెప్పేవారు. పదిట్లో తొమ్మిది తప్పయ్యేవి. కెప్టెన్ చస్తాడంటే బతికేవాడు. గ్రహం మీద దిగుతారంటే దిగేవాళ్లు కాదు. తప్పయిన ప్రతిసారీ "ఈ రాసినోడికి టీవీ బాగుచేయడం రాదు" అని నవ్వేవారు. ఆయన ఊహలు దాదాపు ఎప్పుడూ నిజం కావన్నది ఇక్కడ ముఖ్యం, అందుకే చెబుతున్నాను.

ఏడాదిన్నర గడిచింది. నేను బాగా అలసిపోయాను. వేరే కారణమేమీ లేదు, అలసటే. ఒక బుధవారం సాయంత్రం బట్టలు మడతపెడుతూ, శనివారంతో ఇక ఆపేద్దామని అనుకున్నాను. ఆపేస్తే పది పదిహేను రోజుల్లో ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మాయికి చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. శనివారమే ఎందుకంటే, ఆ రోజు ఓడ సీరియల్ ఆఖరి ఎపిసోడ్. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

గురువారం లింగయ్య తాత రాలేదు. జ్వరమని ఇంట్లో వాళ్లు ఫోన్ చేశారట. గదిలో నేనూ, జోసెఫ్ గారూ, నిద్రపోతున్న ముసలామె. ఆయన ఆ రోజు కొంచెం ఆయాసపడుతున్నారు. సీరియల్ అయిపోయాక నా వైపు తిరిగారు.

"ఆఖర్న ఏమవుతదో చెప్పనా? మొక్కలామె ఒక్కతే మిగులుద్ది. మైకు ముందు కూర్చుని ఇంటికి పిలుస్తది. మూడుసార్లు పిలుస్తది. జవాబు రాదు. ఇగ లాభం లేదని మైకు కట్టేయబోతది. అప్పుడు వస్తది జవాబు."

"ఏమని వస్తుంది?" అన్నాను.

"ఏమనైతే ఏందమ్మా, వస్తదిగా. అందుకని అంత తొందరగా కట్టేయకూడదు."

ఆయన నా మొహంలోకి చూస్తూ అన్నారు. నేను దుప్పటి సర్దుకున్నాను.

శనివారం వెళ్లేసరికి జోసెఫ్ గారి మంచం ఖాళీగా ఉంది. అడిగితే, మధ్యాహ్నం షిఫ్టుకు మారారని శ్రావణి చెప్పింది. నేను నమ్మాను. ఆఖరి ఎపిసోడ్ కూడా కలిసి చూడకపోతిమే అనిపించింది. లింగయ్య తాత వచ్చాడు. జ్వరం తగ్గిందట. గురువారం జోసెఫ్ గారు చెప్పిన ముగింపు సంగతి నేను ఆయనతో అనలేదు. ముందే చెబితే ఆయనకు కోపం.

పదకొండుకు మొదలైంది. ఒక్కొక్కరే పోయారు. చివరికి నిజంగానే మొక్కలామె ఒక్కతే మిగిలింది. మైకు ముందు కూర్చుంది. పదిట్లో ఒకసారి ఊహ నిజమవుతుంది కదా అనుకున్నాను.

మొదటిసారి పిలిచింది. గరగర చప్పుడు. రెండోసారి. మూడోసారి. శ్రావణి టీవీ కిందే నిలబడి తాత మిషన్ చూస్తోంది. మొక్కలామె కాసేపు తల వంచుకుంది. స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.

గరగర ఆగింది. ఒక మగ గొంతు వచ్చింది.

"వింటున్నా టీచరమ్మా. చెప్పు."

అది జోసెఫ్ గారి గొంతు. ఆ ఆయాసంతో సహా ఆయనదే. మొక్కలామె తలెత్తింది. ఏడుస్తూ నవ్వింది. ఆమె వెనక చిక్కుడు తీగ కదిలింది. అక్కడితో అయిపోయింది. పేర్లు పడ్డాయి.

నేను ఎదురుగా చూశాను. లింగయ్య తాత నోరు తెరుచుకుని టీవీ వంకే చూస్తున్నాడు. కళ్ల వెంట నీళ్లు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

శ్రావణి నా దగ్గరకు రాగానే అడిగాను. "జవాబు వచ్చింది చూశావా?"

"ఏం జవాబు మేడమ్? ఎవ్వరు పలకలే కదా. లైట్లన్నీ ఒక్కొక్కటే ఆరిపోయి చీకటైంది. గింత ఏడుపు ముగింపు పెట్టిండ్రేంది అనుకున్న" అంది.

డయాలసిస్‌లో బీపీ పడిపోతే లేనివి కనపడతాయి, వినపడతాయి. నాకు తెలుసు. అందుకే నా చార్టు తెప్పించుకుని చూశాను. అరగంటకోసారి రాస్తారు. పదకొండున్నరకు నూట ముప్పై బై ఎనభై. పన్నెండుకు కూడా అంతే. లింగయ్య తాతదీ మామూలుగానే ఉంది.

మిషన్ విప్పాక, సూది పెట్టిన చోట దూది నొక్కి పట్టుకుని కూర్చున్నప్పుడు శ్రావణి అసలు విషయం చెప్పింది. జోసెఫ్ గారు శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, ఇక లేవలేదు. మిషన్ మీద ఉండగా చెబితే మేం కంగారుపడతామని దాచారు. తాతకూ అప్పుడే తెలిసింది. అంటే ఆ గొంతు విన్నప్పుడు ఆయన చనిపోయారని మా ఇద్దరికీ తెలీదు. తెలిసుంటే బెంగతో అలా అనిపించిందని నేనే కొట్టిపారేసేదాన్ని.

ఇంటికి రాగానే మా అమ్మాయి ఆ ఎపిసోడ్ వెతికి పెట్టింది. తెలుగుది చూశాను, అసలు భాషలోదీ చూశాను. రెండింటిలోనూ ఎవరూ పలకరు. లైట్లు ఆరిపోతాయి. శ్రావణి చెప్పిందే నిజం.

శనివారంతో ఆపేద్దామనుకున్నదాన్ని మంగళవారం మళ్లీ బస్సెక్కాను. ధైర్యం వచ్చి కాదు. లింగయ్య తాతను ఒక్క మాట అడగాలి, అంతే.

ఆయన అప్పటికే మంచం మీద ఉన్నాడు. నేనేమీ చెప్పకుండా అడిగాను. "తాతా, శనివారం ఆఖర్న ఏం చూసినవ్? నువ్వే చెప్పు."

"మొక్కలామె మూడుమాట్ల పిలిసింది. నాలుగోపాలి మన జోసెపు పలికిండు."

"ఏమన్నాడు?"

"వింటున్న లింగయ్యా, చెప్పు అన్నడు. నా పేరు వెట్టి అన్నడు బిడ్డా. గా ఓడలున్నోళ్లకు నా పేరెట్ల తెలుస్తది?"

నాకు వినపడింది ఇంకోలా అని ఆయనకు చెప్పలేదు. ఒకే టీవీ. ఒకే మాట. నాకు టీచరమ్మా అని, ఆయనకు లింగయ్యా అని. దీనికి నాకు తెలిసిన ఫిజిక్స్‌లో చోటు లేదు.

నెల తర్వాత కోదాడ వెళ్లాను. జోసెఫ్ గారి ఇంటి ముందు గదే దుకాణం. విప్పి పెట్టిన టీవీలు అలాగే ఉన్నాయి. ఆయన భార్య మరియమ్మ గారు నన్ను కూర్చోబెట్టి, అడక్కుండానే సగం గ్లాసు నీళ్లిచ్చింది.

ఆయనకు ఆ ముగింపు ముందే తెలుసా, ఎక్కడైనా చూశారా అని అడిగాను. ఆమె మూలనున్న టీవీ చూపించింది.

"మా ఇంట్లోది రెండేళ్ల నుంచి బొమ్మ రాదండి. ఊరోళ్లవన్నీ బాగుచేశాడు, మాదానికి తీరిక లేదాయనకి. సెల్లులో చూడ్డం కూడా రాదు." తర్వాత అంది, "గురువారం ఇంటికొచ్చి మీ గురించే అన్నాడు. ఆ టీచరమ్మ రావడం మానేసేటట్టుంది, మొహం చూస్తే తెలుస్తంది అన్నాడు."

నేను ఎవరికీ చెప్పని మాట అది.

సమాధి ఎప్పుడు చేశారని అడిగాను. శనివారం. పన్నెండు కావస్తుండగా మట్టి వేశారట. మా గదిలో ఆ గొంతు వినపడింది కూడా అప్పుడే. అది కాకతాళీయం కావచ్చు. రాసి పెడుతున్నాను, అంతే.

చివరికి ఆమెకు జరిగింది చెప్పాను. నమ్ముతుందో, నవ్వుతుందో అనుకున్నాను. రెండూ చేయలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా వింది. చాలా మెల్లగా అడిగింది.

"మిమ్మల్ని పిలిచాడు. ఆ లింగయ్య గారిని పిలిచాడు. నా పేరేమన్నా ఎత్తాడా అండి?"

ఎత్తారన్నాను. మరియమ్మ బాగుందా అని అడిగారన్నాను.

ఇందులో నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆమె తలూపి, అటు తిరిగి కూర్చుంది.

రెండేళ్లయింది. నేను ఇంకా సూర్యాపేట వెళుతూనే ఉన్నాను. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో, మా ఇద్దరికే ఎందుకు వినపడిందో, ఆయన ఇంటి మనిషికి ఎందుకు వినపడలేదో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా తెలీడం లేదు.